పది గంటల రోజు

అమెరికాకు వచ్చిన కొత్తలో, గంటల లెక్కన వేతనమిచ్చే ఒక ఆసుపత్రిలో కొంతకాలం అదనపు విధులు చేశాను. ఏడున్నర గంటలు పనిచేసిన ఒకరోజు, తెలుగు మాధ్యమపు బడిలో అబ్బిన అలవాటు కొద్దీ, హాజరు పట్టీలో 7.30 అని రాశాను. జీతాల లెక్కలు చూసేవారు దానిని ఏడు గంటల పద్ధెనిమిది నిమిషాలుగా చదివారు. నాకది గంటలకూ నిమిషాలకూ నడుమ పెట్టే చుక్క. వారికది దశాంశ బిందువు. పోయింది పన్నెండు నిమిషాల వేతనమే అయినా, ఒక ప్రశ్న మిగిలింది. పొడవునూ బరువునూ నాణేలనూ పదుల్లోకి మార్చుకున్న మనిషి కాలాన్ని మాత్రం ఇరవైనాలుగులూ అరవైలుగానే ఎందుకు ఉంచుకున్నాడు?

జనం పాత అలవాటును వదలలేకపోయారన్నది తరచుగా వినిపించే సమాధానం. అది సరిపోదని నా అభిప్రాయం. ఈ మార్పును చట్టం చేసి మరీ అమలుపరచబోయిన ఫ్రాన్స్ అనుభవాన్ని పరిశీలిస్తే ఆ సంగతి తేటపడుతుంది.

విప్లవ ఫ్రాన్స్ 1793లో కొత్త పంచాంగాన్ని చేపట్టింది. నెలలు పన్నెండే, ప్రతి నెలకూ ముప్ఫై రోజులు. ఏడు రోజుల వారం స్థానంలో పది రోజుల దశకం వచ్చింది. ఏడాది చివర అయిదు రోజులు, లీపు సంవత్సరంలో ఆరు, విడిగా మిగిలాయి. రోజును పది గంటలుగా, గంటను నూరు నిమిషాలుగా, నిమిషాన్ని నూరు సెకన్లుగా విభజించారు. అలా చూస్తే కొత్త సెకను మన సెకనులో 0.864 వంతు, కొత్త గంట మన లెక్కలో 144 నిమిషాలు. 1794 సెప్టెంబరు 22 నుంచి ఈ గంటలు తప్పనిసరి అయ్యాయి. కొన్ని గడియారాలకు రెండు పద్ధతుల అంకెలూ వేశారు.

ఆ నిర్బంధం ఏడు నెలలైనా నిలవలేదు. 1795 ఏప్రిల్ 7న చేసిన చట్టం దశాంశ గంటను నిరవధికంగా నిలిపివేసింది. మీటరుకూ గ్రాముకూ లీటరుకూ ఆ పేర్లను స్థిరపరచింది కూడా అదే చట్టం! కనుక దీనిని పదుల లెక్క మీద విముఖతగా భావించలేము. ఊరూరికీ మారే కొలతలతో విసిగిన వర్తకుడికి మీటరు అవసరమైంది. గంట విషయంలో అటువంటి చిక్కు లేదు. ఫ్రాన్స్‌లోనూ పొరుగు దేశాల్లోనూ రోజుకు ఇరవైనాలుగు గంటలే. మీటరు మనుషులను కలిపితే, దశాంశ గంట విడదీసింది.

అలవాటు వాదానికి మన ఘడియలే సమాధానం. పూర్వం మనకు రోజుకు అరవై ఘడియలు. ఘడియంటే ఇరవైనాలుగు నిమిషాలు. ఫ్రెంచివారి దశాంశ గంట సరిగ్గా ఆరు ఘడియలు కావడం ఒక చిత్రం. తరతరాల ఆ ఘడియలను పంచాంగానికి అప్పగించి, తెలుగువారు నిత్యవ్యవహారంలో గంటలకు మారిపోయారు. రైలు, కచేరీ, బడి గంటల లెక్కన నడిచినప్పుడు ఘడియలను పట్టుకు కూర్చుంటే పని జరగదు. ప్రయోజనం ఎదుట ఉంటే కాలమానాన్ని సైతం జనం మార్చుకోగలరు.

వైద్యుడిగా నాకు మరో కారణం కూడా కనిపిస్తుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే నాడి దశాంశ నిమిషానికి దాదాపు 104 సార్లు కొట్టుకుంటుంది. అది ఇబ్బంది కాదు; కొత్త అంకెను నేర్చుకోవచ్చు. అసలు చిక్కు మూడుతో భాగించడంలో ఉంది. ఇరవైనాలుగును రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు నిశ్శేషంగా భాగిస్తాయి. పదిని రెండు, అయిదు మాత్రమే. ఎనిమిది గంటలకొకసారి వేసే మందును దశాంశ గడియారంలో మూడు గంటల ముప్ఫైమూడు నిమిషాల చిల్లరకు వేయాలి. నర్సుల మూడు విడతల పనివేళలకూ అదే గతి. పదుల లెక్క గుణకారానికి సులువు. రోజును పంచుకోవడానికి కాదు.

పంచాంగం విషయంలో నష్టపోయింది శ్రమజీవి. ఏడాదికి 52 ఆదివారాల స్థానంలో 36 దశక విశ్రాంతి దినాలు వచ్చాయి. ఏడాది చివరి అయిదారు ఉత్సవ దినాలను కలిపినా ఆ లోటు తీరదు. ఆదివారాన్ని తొలగించి మతప్రభావాన్ని తగ్గించాలన్నది పాలకుల ఉద్దేశం. కూలివాడికి మాత్రం తొమ్మిది రోజుల చాకిరీ దక్కింది. 1802లో ప్రభుత్వోద్యోగులకు ఆదివారపు విశ్రాంతి తిరిగి వచ్చింది. 1806 జనవరి 1తో ఆ పంచాంగమే రద్దయింది. సంస్కరణను హేతుబద్ధమైనదని ప్రశంసించే వ్యాసాలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటవేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. హేతువు ఎవరిదో, అలసట ఎవరిదో అడగకుండా కాలమానాన్ని తూచలేము.

స్వతంత్ర భారతదేశం 1957లో ఇటువంటి రెండు ప్రయత్నాలు చేసింది. మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫార్సు మేరకు మార్చి 22న జాతీయ శక పంచాంగం అమలులోకి వచ్చింది. ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అణాలూ బేడలూ క్రమంగా మాయమయ్యాయి. శక పంచాంగం రాజపత్రంలోనూ ఆకాశవాణిలోనూ మిగిలింది తప్ప మన ఉగాదినీ మార్చలేదు, కార్యాలయాల తేదీలనూ మార్చలేదు. రూపాయి ప్రభుత్వం ముద్రించే వస్తువు. పండుగ ఏనాడన్నది జనం తమలో తాము చేసుకున్న ఒప్పందం.

కాలాన్ని దశాంశాల్లో రాయడమే తప్పని నేను అనడం లేదు. ఖగోళశాస్త్రజ్ఞులు రోజును నేటికీ దశాంశ భిన్నాలుగా రాస్తారు. సెకనుకు దిగువన మనమంతా పదుల్లోనే లెక్కిస్తాము. గణితానికి అది సౌకర్యం. అయితే గణితానికి సౌకర్యమైనదంతా జీవనానికీ సౌకర్యం కావాలని పట్టుబట్టడమే విప్లవకారుల పొరపాటు.

ఇప్పుడు పనిగంటల పట్టీలో ఏడున్నరను నేను 7.5 అనే రాస్తున్నాను. రోగులకు మాత్రం మందును మూడు పూటలా వేసుకోమనే చెబుతున్నాను.