ఆహోము బురంజి: గ్రంథవిమర్శనము

గోలాపచంద్ర బరువాగారు 1930వ సంవత్సరమున ప్రకటించిన 'ఆహోము బురంజి'ని మేము శ్రద్ధతో పరిశీలించితిమి. ఒక ప్రక్కను ఆహోము మూలమును, వేరొక ప్రక్కను దాని యాంగ్లానువాదమును గల యీ గ్రంథము, 1228 మొదలుకొని సుమారు ఆరువందల యేండ్లు అస్సామునేలిన రాజవంశముయొక్క చరిత్రము. మన దేశమున చరిత్రరచనయే లేదని వాపోవువారు దీని నొకసారి చూతురుగాక.

ఆహోము సయామువారి భాషకు జ్ఞాతి. ఏలినవారే క్రమముగా అస్సామీని ఇంటిభాషగా గైకొనుటచేత, పందొమ్మిదవ శతాబ్దారంభమునాటికి దానిని మాటలాడువారు లేకపోయిరి. దేవధాయి యను పురోహితుల తంతులలోను, వ్రాతప్రతులలోను మాత్రము అది మిగిలెను. 1906లో అస్సాముచరిత్రమును ప్రకటించిన గెయిటుదొర యేర్పాటుచేయగా, బరువాగారు దేవధాయిలకడ ఆ భాషను నేర్చుకొనిరి. ఆ పరిశ్రమకు మేము చేతులు జోడించుచున్నాము.

అయినను చిక్కొకటి కలదు. తెలుగున ఒక పదమును హెచ్చుగొంతుతో పలికినను, తగ్గుగొంతుతో పలికినను అర్థము మారదు. తాయి భాషలలో నట్లుగాదు. 'మా' యనునది స్వరభేదముచేత 'వచ్చుట'యు నగును, 'కుక్క'యు నగును, 'గుఱ్ఱము'ను నగును. ఆహోములిపిలో స్వరచిహ్నములు లేవు. పలుకు నోళ్లు పోయినతోడనే స్వరములును పోయినవి. ఇక అనువాదకునకు సందర్భమును బట్టి యూహించుటయే శరణ్యము. ఆంగ్లభాగము మాత్రము ధారాళముగా సాగిపోవుచున్నది. ఇది యూహ, ఇది నిశ్చయము అని చదువరికి తెలియదు. అనువాదమున నమ్మరాని తావులు కలవని తరువాతి పండితులు చెప్పిరి. వారితో మేమేకీభవించుచున్నాము.

ఆ స్వరములు పూర్తిగా నశింపలేదు. ఎగువ అస్సామున ఫాకే, ఐతోన్, ఖామ్యాంగ్ అను తాయి జనులు నేటికిని కలరు. నహరకటియా చేరువనున్న నామ్ ఫాకే గ్రామమున బౌద్ధులైన ఫాకేలు తమ భాషను ఇండ్లలో మాటలాడుచున్నారు. స్టీఫెన్ మోరీగారు ఈ మూడు భాషలకును వ్యాకరణమును, పాఠములను కూర్చి 2005లో ప్రకటించిరి. ఖామ్యాంగ్ మాట అప్పటికే పవాయిముఖమను ఒక్క యూరిలో, ఇంచుమించు ఏబదిమంది పెద్దల నోళ్లలో నిలిచియుండెను. పిల్లలు అస్సామీ పలుకుచుండిరి. ఆహోమురాజుల ఇండ్లలో జరిగినదియు నిదియే కదా! తాతల వ్రాతప్రతులను పట్టుబట్టలలో చుట్టి పూజించువారికి ఈ యవ్వలు కంటబడకుండుట మాకు వింతగా తోచుచున్నది.

బురంజిని ఇకముందు పరిష్కరింపబూనువారు మూలమును ముందుగా ఫాకే పెద్దలకు చదివి వినిపించి, జ్ఞాతిపదముల స్వరములను గుర్తించి, సందేహముగల పదములప్రక్కన సందేహమని వ్రాయుదురుగాక. ఆ పనికి నామ్ ఫాకేకు పోవలయును. అదియు త్వరగా పోవలయును.