సైటేషన్ల లెక్కకు చిక్కనివి

ఒక పరిశోధన పత్రాన్ని తర్వాతివాళ్లు తమ పత్రాల్లో ఆధారంగా చూపితే అది ఒక సైటేషన్. ఇవాళ పరిశోధకుల బయోడేటాల్లో తరచూ కనిపించే హెచ్-ఇండెక్స్ ఈ లెక్క మీద కట్టిందే. 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హె హిర్ష్ దీన్ని ప్రతిపాదించారు. ఒకరి ఆరు పేపర్లకు 40, 22, 9, 5, 3, 1 చొప్పున సైటేషన్లు ఉంటే హెచ్-ఇండెక్స్ 4. కనీసం నాలుగేసి వచ్చినవి నాలుగున్నాయి, ఐదేసి వచ్చినవి ఐదు లేవు. మొదటి పేపరుకు నలభై వేలు వచ్చినా ఆ 4 కదలదు.

విశాఖ ఏవీఎన్ కాలేజీలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదివిన సి.ఆర్. రావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఈ లెక్కకు చిక్కని పేపర్ ఒకటి ప్రచురించారు. ఒక పక్కకు మొగ్గని (అన్‌బయాస్డ్) ఏ అంచనాకైనా కచ్చితత్వంలో దాటలేని హద్దు ఒకటుంటుందని అందులో నిరూపించారు. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న దానికి మూలం. రాడార్ సంకేతాలతో పనిచేసే ఇంజినీర్లకు ఆ హద్దు, అంటే క్రామర్-రావు హద్దు, నిత్యావసరం. అయితే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన పేరుకు మూలపత్రం చూపాలని ఎవరికీ తోచదు. కాబట్టి వాడకం పెరిగినంతగా సైటేషన్లు పెరగవు. కాలం కూడా ఒక చిక్కే: జర్నళ్లకు సైటేషన్ల సగటుగా కట్టే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గత రెండేళ్ల వ్యాసాలనే చూస్తుంది. రావుకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది 2023లో, ఆ పేపర్ వెలువడిన 78 ఏళ్లకు.

శాఖకో తీరు కూడా ఉంది. జీవశాస్త్రంలో సైటేషన్లు కుప్పలుగా వస్తాయి, గణితంలో తక్కువే. ఇక విశాఖ ఔటర్ హార్బర్ గోడల దగ్గర ఇసుక ఆగిపోయి ఆర్కే బీచ్ ఎందుకు కోసుకుపోతుందో రాసిన పేపరుకు అసలు పాఠకుడు డ్రెడ్జింగ్ చూసే పోర్టు ఇంజినీరు. అతను దాన్ని చదివి పని చేస్తాడు కానీ పేపర్ రాయడు. స్టీల్‌ప్లాంట్ ఫర్నేస్ మీద రాసిన పేపరుకూ ఇదే కథ.

పదోన్నతి, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు ఈ అంకెలతో ముడిపడ్డాక తమను తామే ఉటంకించుకోవడం, ఒకరినొకరు ఉటంకించుకునే ఒప్పందాలు పుట్టుకొచ్చాయి. వాటిని పట్టడానికి మళ్లీ ఇంకో సూచిక!

నియామకాల్లో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను కొలబద్దగా వాడొద్దని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది. అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగానే ఉండాలనీ, స్థానిక సమస్యలపై జరిగే మంచి పరిశోధనను కాపాడుకోవాలనీ 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో చెప్పింది. ఆర్కే బీచ్ ఇసుక పేపరుకు ఆసరా ఇచ్చేది ఈ రెండో మాటే.