వాడబడి, ఫీజుబడి: లెక్క చెప్పని సంగతి

సర్కారు బడి చెడిపోయింది కాబట్టే జనం ప్రైవేటుకు పోతున్నారని మన మేధావులు చెప్తుంటారు. ఈ మాటలో ‘జనం’ ఎవరు? ముందు పోయిందెవరు, వెనక పోయిందెవరు, పోలేక ఉండిపోయిందెవరు? ఈ వరస అడక్కుండా చదువు గురించి మాట్లాడటమంటే కులం గురించి మాట్లాడకుండా తప్పించుకోవటమే.

మన ఊళ్లలో బడి ఎన్నడూ అందరి బడి కాదు. ఊరికొక బడి, వాడకొక బడి. మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాల పేరు పక్కన బ్రాకెట్లో ‘హెచ్.డబ్ల్యు.’ అనో ‘ఎ.ఎ.డబ్ల్యు.’ అనో రాసుకుంటూ వచ్చారు. ఒకటి హరిజనవాడ, ఇంకోటి ఆది ఆంధ్రవాడ. బ్రాకెట్ అక్కర్లేనిది ఊరిబడి. అంటే ప్రైవేటు బళ్లు రాకముందే పిల్లల్ని విడదీసింది సర్కారే.

ఊరిబడిలో అగ్రకులాల పిల్లలు కూర్చున్నన్నాళ్లూ ఆ బడిని అడిగే పెద్దలున్నారు. వాళ్ల పిల్లలు పసుపు బస్సెక్కాక అడిగే గొంతూ వాళ్లతోపాటే బస్సెక్కింది. టీచర్ల పిల్లలూ అదే బస్సులో పోయారు. ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్లంతా తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడికే పంపాలని 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో ఆ తీర్పు కాగితం దాటలేదు. కాబట్టి బడి చెడితే పోయారనేది సగం నిజం. పోయారు కాబట్టి చెడిందనేది మిగతా సగం.

ప్రైవేటు బడి గొప్పదా కాదా అని మన దగ్గరే పరీక్ష పెట్టి చూశారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో, 180 ఊళ్లలో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు ఫీజు వోచర్లు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఫలితం ఇది: నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వోచరు వచ్చిన పిల్లలు రాని పిల్లలకంటే ముందుకు పోలేదు. హిందీలో మాత్రం పోయారు. ఐతే ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతుకంటే తక్కువ. కాబట్టి ప్రైవేటు బడి ఉత్పాదకతే ఎక్కువ అని రచయితలు తేల్చారు.

ఈ చవక ఎక్కడినుంచి వచ్చింది? ప్రధానంగా టీచరు జీతం కోతలోంచి. ఇక్కడ అర్థశాస్త్రం ఆగిపోతుంది, మన ప్రశ్న మొదలవుతుంది. డీఎస్సీ రోస్టరులో వచ్చిన టీచరు ఉద్యోగమే ఎన్నో మాల, మాదిగ ఇళ్లలో మొదటి నెలజీతం. ప్రైవేటు బడికి రోస్టరు లేదు. అక్కడికి పోయిన ప్రతి సీటు వెనకా మనకు రాకుండా పోయిన ఒక టీచరు పోస్టు ముక్క ఉంది. వాళ్ల పట్టికలో అది పొదుపు. మన ఇంట్లో అది నష్టం.

అలాగని కూలికి పోయి ఫీజు కట్టే తల్లిని తప్పుపట్టేవాళ్లతో మనకు పొత్తు లేదు. ఆమె కొనేది ఇంగ్లీషు, కాస్త గౌరవం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 81తో సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం పెడతానంటే తల్లిభాష పోతోందని గగ్గోలు పెట్టిన పెద్దల్లో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో చదివారు? 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జి.ఓ. కొట్టేసింది. కార్పొరేటు బడిలో ఇంగ్లీషును ఎవరూ కొట్టెయ్యలేదు.

ఇక ఆ 25 శాతం సంగతి. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం బలహీన వర్గాలకు ఇమ్మంది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూనే ఎయిడ్ లేని మైనారిటీ బళ్లను మినహాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో అడ్మిషన్లు మొదలవటానికి పన్నెండేళ్లు పట్టింది. వచ్చిన సీటును వదులుకోమని ఎవరూ అనరు. కానీ 1966లోనే కొఠారీ కమిషన్ అందరికీ ఒకే ఉమ్మడి బడి కావాలంది. ఆ మాట ఎగిరిపోయి, వాళ్ల బడిలో మనకు నాలుగో వంతు చోటు అనే దగ్గరికి దిగింది. మిగిలిన పిల్లలున్న బడికి ఎవరు జవాబుదారీ?

2018లో గ్రామాల్లో 6–14 ఏళ్ల పిల్లల్లో 65.6 శాతం సర్కారు బడిలో ఉంటే, కరోనా తర్వాత 2022లో 72.9 అయ్యారని అసర్ సర్వే చెప్పింది. 2024కి మళ్లీ 66.8. ఫీజు కట్టలేని రోజున జనం ఏ బడికి వస్తారో, చెయ్యి ఆడగానే ఎందుకు పోతారో ఈ మూడు అంకెలు చెప్తాయి. ఎవరెవరు వచ్చిపోయారో మాత్రం చెప్పవు.

యూడైస్ లెక్కల్లో ఎస్సీ అంతా ఒకే గడి. నెలకు కొన్ని వందలు తీసుకునే సందు కాన్వెంటూ, లక్షలు తీసుకునే ఇంటర్నేషనల్ స్కూలూ ‘ప్రైవేటు’ అనే ఒకే గడి. ఇంట్లో కొడుకు ఫీజుబడికీ కూతురు వాడబడికీ పోతే ఆ సంగతి ఏ గడిలోనూ లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ 2025లో ఎస్సీలను మూడు గ్రూపులుగా వర్గీకరించాయి. ఉద్యోగానికి పనికొచ్చిన ఆ వర్గీకరణ బడి లెక్కకు ఎందుకు పనికిరాదు?

బడివారీగా, ఉపకులంవారీగా, ఆడ మగ వారీగా, ఫీజువారీగా లెక్క బయటపెట్టమని అడగాలి. టీచర్ల కులం లెక్క కూడా. అధ్యాపక మిత్రులూ, విద్యార్థి సంఘాలూ ముందు తమ మండలంలో ఈ లెక్క కట్టొచ్చు. సర్కారు కట్టేదాకా ఆగక్కర్లేదు.