గృహప్రవేశానికి ముందే నెట్ సంగతి

వాకాడు చుట్టుపక్కల కొత్త లేఅవుట్లో స్థలం కొనేవాళ్ళు బోరు నీళ్ళు ఉప్పా, మంచివా అని తప్పకుండా అడుగుతారు. కరెంటు స్తంభం ఎంత దూరమో చూసుకుంటారు. ఇంటర్నెట్ మాత్రం పాలు పొంగించాకే గుర్తొస్తుంది. అప్పటికి గోడలకు రంగులు కూడా అయిపోయి ఉంటాయి. వైరు కిటికీ సందులోంచి లాగాల్సిందే.

మన పల్లెలకు ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. భూమి తవ్వే పని లేదు కాబట్టే అంత చౌకలో సాధ్యమైంది. దాన్ని నేను గొప్ప పనిగానే చూస్తాను. అయితే సముద్రం పక్కన బతికే మనకు ఆ స్తంభాలతోనే చిక్కు. 2020లో నివర్, 2023లో మిచౌంగ్ తుపాన్లు ఈ తీరాన్ని ముంచెత్తాయి. అలాంటి గాలికి స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. బాగుచేసేటప్పుడు ముందు కరెంటు, తర్వాతే ఫైబర్. అదే న్యాయం కూడా.

అందుకే ఏ కంపెనీ మంచిదని ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పను. పిల్లల క్లాసులకూ ఒక టీవీకీ నాలుగు ఫోన్లకూ యాభై ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. మూడొందల ఎంబీపీఎస్ ప్లాను గురించి తర్వాత ఆలోచించవచ్చు. ముందు తెలుసుకోవలసింది తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మిషను ఎక్కడుందని. ఊళ్ళోనే ఉందా, కోట నుంచి రావాలా, గూడూరు నుంచా? కిందటి వానలకు పోయిన నెట్ ఎన్నాళ్ళకు వచ్చిందో పక్క వీధివాళ్ళను అడగండి. కనెక్షన్ ఇచ్చే రోజున కేబుల్ అబ్బాయిని మీటరు పెట్టి లైటు ఎంత వస్తోందో చూపించమనండి. మైనస్ ఇరవై డీబీఎం దగ్గరుంటే నిశ్చింత. మైనస్ ఇరవై ఏడుకు చేరువైతే ఒప్పుకోకండి, ఎక్కడో అతుకు సరిగా పడలేదు, లేదా తీగ మడత పడింది.

తీగ లేని 5జీ బాక్సులూ ఉన్నాయి. టవరుకు కరెంటు పోతే దాని బ్యాటరీయో జనరేటరో నడిచినంతసేపే అవి పనిచేస్తాయి.

లేఅవుట్ వేసేవాళ్ళకూ, కాలనీ పెద్దలకూ నా విన్నపం ఒక్కటే. సిమెంటు రోడ్డు పోయకముందే దాని పక్కన ఒక ఖాళీ పైపు పూడ్చండి. ప్రతి ఇంటికీ అందులోంచి ఒక పాయ వదలండి. ఏ కంపెనీవాళ్ళు వచ్చినా అందులోంచే తీగ లాగనివ్వండి, ఒక్కరికే రాసివ్వకండి.