తుపాకి మోసిన బాల్యం

యుద్ధాన్ని గురించి రాసినవారు కోకొల్లలు. యుద్ధంలో పెరిగిన పిల్లవాణ్ణి గురించి రాసినవారు తక్కువ. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది అతన్ని అయితే వీరుణ్ణి చేశారు, లేకుంటే బలిపశువును చేశారు. అతను ముందుగా ఒక పిల్లవాడన్న సంగతి ఈ రెంటి నడుమా జారిపోయింది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని వస్తువుగా స్వీకరించిన మన సాహిత్యం ఈ విషయంలో ఎంతవరకు తన బాధ్యత నెరవేర్చింది? ఈ ప్రశ్నను అభ్యుదయ సాహిత్యాన్ని ప్రేమించేవాళ్లమే వేసుకోవాలి. మనం వేసుకోకపోతే శత్రువు వేస్తాడు, జవాబు కూడా వాడే చెబుతాడు.

పోలిక కోసం జర్మనీని తీసుకుంటున్నాను. ఈ ప్రశ్నతో అంతగా పెనుగులాడిన సాహిత్యం మరొకటి అరుదు. 1943 ఫిబ్రవరి నుంచి నాజీ ప్రభుత్వం హైస్కూలు కుర్రవాళ్లను తరగతులకు తరగతులుగా విమానాలను కూల్చే ఫిరంగుల దగ్గరికి పంపింది. ఆ ఫిరంగుల దగ్గరికే ఉపాధ్యాయులు వచ్చి పాఠాలు చెప్పేవారు. 1944 అక్టోబరులో పదహారు నుంచి అరవై యేళ్ల వరకు మగవాళ్లందరినీ చివరి సైన్యంగా పోగుచేసింది. 1945 మార్చిలో, బెర్లిన్ పతనానికి కొద్ది వారాల ముందు, హిట్లర్ బాలసైనికులను వరసగా నిలబెట్టి వాళ్ల బుగ్గలు నిమిరిన దృశ్యం ఆనాటి వార్తాచిత్రంలో నేటికీ ఉంది. ఆ పిల్లలు నాజీ యువజన సంఘంలోనే అక్షరాలతోపాటు ద్వేషాన్నీ దిద్దుకున్నవాళ్లు.

ఆ తరం పెద్దదై కలం పట్టింది. మాన్‌ఫ్రెడ్ గ్రెగోర్ అనే పేరుతో వచ్చిన 'వంతెన' నవల (1958), దాని ఆధారంగా బెర్న్‌హార్డ్ విక్కీ తీసిన చిత్రం (1959) చెప్పేది ఒక్కటే సంగతి: ఎందుకూ కొరగాని ఒక వంతెనను కాపాడబోయి ఏడుగురు కుర్రవాళ్లలో ఆరుగురు చనిపోతారు. తూర్పు జర్మనీలో డీటర్ నోల్ 'వెర్నర్ హోల్ట్ సాహసాలు' రాశాడు (1960, 1963). నోల్ స్వయంగా ఆ ఫిరంగుల దగ్గర పనిచేసిన కుర్రవాడే. మొదటి భాగంలో అతను పిల్లవాడి ఉత్సాహాన్ని దాచలేదు. తుపాకి చేతికొచ్చినప్పుడు కలిగే పొగరు, పెద్దవాళ్లతో సమానమయ్యానన్న గర్వం, సాహసం మీద మోజు, వీటినన్నిటినీ ఉన్నవున్నట్లు చూపించాడు. ఫాసిజం ఒక కుర్రవాడి మనసులో ఏ తలుపు తట్టిందో అందువల్లనే మనకు తెలుస్తుంది. రెండో భాగంలో హోల్ట్‌కు సరైన మార్గం దొరుకుతుంది. కాని ఆ జవాబు రచయిత దగ్గర ముందే సిద్ధంగా ఉన్నట్లు నాకు తోస్తుంది. మార్గం సరైనదే. పాత్ర దాన్ని చేరుకోవడానికి పడిన పాటు చాలదు. మన నవలకూ ఇది హెచ్చరిక.

ఇక మన సంగతి. ఒక్క మాట ముందుగానే స్పష్టం చేయాలి. నాజీ రాజ్యం పిల్లలకిచ్చిన తుపాకికీ, తెలంగాణ పల్లెలో సంఘం వెంట నడిచిన పిల్లవాడి చేతి వడిసెలకూ పోలిక లేదు. జర్మనీలో రాజ్యమే బాల్యాన్ని దోచుకుంది. తెలంగాణలో బాల్యాన్ని దొర అంతకుముందే దోచుకున్నాడు. తండ్రి అప్పు కింద జీతానికి కుదిరిన పిల్లవాడికీ, దొరబిడ్డ వెంట అరణంగా వెళ్లిన ఆడబాపకూ సంఘం రాకముందు బాల్యమనేది ఎక్కడుంది? దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' (1969) ఈ సత్యాన్ని నిర్భయంగా చిత్రించింది. సాయుధ పోరాటానికి ముందటి కాలాన్ని తీసుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' కూడా కంఠీరవం ఎదుగుదలను ఓపికగా చూపింది. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే'లో ఇరవై రెండేళ్ల రాఘవరావు ఉరికి ముందు రాత్రి తన జీవితాన్ని నెమరు వేసుకుంటాడు. వెట్టివాడి కొడుకుగా గడిచిన బాల్యమే ఆ జ్ఞాపకాలకు పునాది.

కాని పిల్లవాడు పోరాటంలో అడుగుపెట్టిన క్షణం నుంచి మన రచయిత కలం తొందరపడుతుంది. చీటీ మోసే కొరియరు కుర్రవాడు మన కథల్లో, బుర్రకథల్లో ఒక మూసగా మారాడు. పట్టుబడతాడు, దెబ్బలు తింటాడు, నోరు విప్పడు, నేలకొరుగుతాడు. అలాంటి పిల్లలు నిజంగా ఉన్నారు. వారి త్యాగాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కాని ఆ రాత్రి అడవిలో వాడికి భయం వేసిందా? అమ్మ గుర్తుకొచ్చిందా? మొదటిసారి మనిషి చావును చూసిన తర్వాత అన్నం సయించిందా? ఇవి రాస్తే పోరాటం పలచబడుతుందని మన రచయితలు జంకారు. చైతన్యాన్ని ఎదుగుదలగా కాక ఒక్క గంతుగా చూపించారు. అది వాస్తవికత కాదు, వాస్తవికత పేరు పెట్టుకున్న కాల్పనికత.

నవల చెప్పని దాన్ని మనుషులు స్వయంగా చెప్పారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఉద్యమం కోసం బిడ్డను వదులుకున్న కమలమ్మ మాట ఉంది. ఆ మాటలో పార్టీ మీద ప్రేమ తగ్గలేదు, కడుపుకోత మాయమూ కాలేదు. 1931లో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం పదేళ్లు దాటీదాటని వయసులోనే ఆంధ్ర మహాసభ పిలుపు విని వెట్టివాళ్లకు వడ్లు పంచింది. పదహారేళ్ల ప్రాయంలో సాయుధ పోరాటంలో నిలిచింది. 'నా మాటే తుపాకీ తూటా' అనే ఆమె ఆత్మకథ చదివితే ఒక పిల్ల ఎలా నాయకురాలైందో మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. ఉయ్యాల పాటలు కట్టి పాడిన గొంతే దళాన్ని నడిపింది. ఆ సాక్ష్యంలో ఉన్న బలం మన పోరాట నవలల్లో ఎన్నింటికి ఉంది?

మన సాహిత్యం అసలే చూడని పిల్లవాడు మరొకడున్నాడు. నేను పాతబస్తీలోని ఒక కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. నా తరగతిలో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. పోరాట సాహిత్యం చెబుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, "రజాకార్లు అందరూ పెద్దవాళ్లేనా సార్? మా ముత్తాతకి అప్పుడు పదిహేనేళ్లంట" అన్నది. పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు లేదు. మన నవలల్లోనూ లేదు.

రజాకార్లు పల్లెల్లో చేసిన హత్యలూ, దహనాలూ, మానభంగాలూ చరిత్ర. వాటిని క్షమించమని నేను అనడం లేదు. కాని ఖాసిం రజ్వీ ఉపన్యాసాలకు ఉర్రూతలూగిన ఈ గల్లీల కుర్రవాడు జాగీర్దారు కొడుకు కాడు; చాలా సందర్భాల్లో కూలివాడి కొడుకు, చేతిపనివాడి కొడుకు. ప్రభువులకు అవసరమైన తుపాకిని మతం పేరుతో వాడి భుజానికెత్తారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యపు ట్యాంకుల ముందు బరిసెలతో, పాత తుపాకులతో నిలబెట్టారు. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. తర్వాత జరిగిన ప్రతీకారంలో 27,000 నుంచి 40,000 మంది దాకా ప్రాణాలు కోల్పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా ప్రజలకు అందలేదు. నెల్లూరి కేశవస్వామి 'యుగాంతం' వంటి కథలో ఆ రోజుల హైదరాబాదును మానవీయంగా పట్టుకున్నాడు. ఆ దారిలో నడిచినవారు తక్కువ. ఖాళీగా వదిలిన చోటును 2024లో 'రజాకార్' చిత్రం తనకు కావలసిన రంగులతో నింపుకుంది. రాక్షసుల గుంపును చూపడం తేలిక. రాక్షసత్వం ఒక కుర్రవాడిలోకి ఎలా దిగిందో చూపడమే సాహిత్యం పని.

అదే నగరంలో మఖ్దూం మొహియుద్దీన్ కార్మికులను సంఘటితం చేశాడు. షోయబుల్లాఖాన్ తన పత్రికలో రజాకార్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో హతుడయ్యాడు. పక్కపక్క ఇళ్లలో పుట్టిన ఇద్దరు కుర్రవాళ్లలో ఒకడు మఖ్దూం వెనుక, ఇంకొకడు రజ్వీ వెనుక ఎందుకు నడిచాడు? భౌతిక పరిస్థితులు ఒక్కటే అయినప్పుడు నిర్ణయం ఎక్కడ జరిగింది? బడిలోనా, మసీదులోనా, కార్ఖానాలోనా, ఇంట్లో తల్లి ఒడిలోనా? మార్క్సిస్టు విమర్శకుడికి ఇంతకంటె ఆసక్తికరమైన ప్రశ్న లేదు. మార్క్సిస్టు నవలాకారుడికి ఇంతకంటె గొప్ప ఇతివృత్తమూ లేదు.

ఈ చర్చ పోరాటాన్ని పలచన చేస్తుందని కొందరు మిత్రులు అభ్యంతరం చెప్పవచ్చు. అన్యాయమైన యుద్ధం పిల్లవాడి భయాన్ని దాచిపెట్టక తప్పదు. వాడు భయపడుతున్నాడని తెలిస్తే దాని అబద్ధం బయటపడుతుంది. న్యాయమైన పోరాటానికి ఆ అవసరం లేదు. భయపడుతూనే చీటీ మోసిన పిల్లవాడు భయమెరగని బొమ్మకంటె మనకు దగ్గరివాడు. వాడి చేత తుపాకి పట్టించినది దొర గడీ అని రుజువు చేసేది కూడా వాడు కోల్పోయిన బాల్యమే.

1948లో పద్నాలుగేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. నల్లగొండ పల్లెల్లోనూ, చార్మినార్ వెనుక గల్లీల్లోనూ వారిలో కొందరైనా మిగిలి ఉంటారు. మన విద్యార్థులు తెలుగూ ఉర్దూ రెండూ తెలిసిన జట్లుగా వెళ్లి వారి మాటలు రాసుకోవాలి. నవల రాసేవాళ్లు తర్వాతయినా రావచ్చు. సాక్ష్యం చెప్పగలవాళ్లు మాత్రం ఎంతోకాలం ఉండరు.