మొహం కనపడని చోట మర్యాద

ఫోనులో వాడే ఇంగ్లీషు వాక్యాలను మనవాళ్ళు ఎక్కువగా బట్టీ పడతారు. స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో వాటిని వరసగా అచ్చువేస్తారు, మనం అప్పజెప్పుకుంటాం. కానీ ఒక్కొక్కటీ విడదీసి చూస్తే, చెయ్యి తిరిగిన వడ్రంగి బిగించిన జాయింట్లలా ఉంటాయవి.

అవి పనిచెయ్యాల్సిన చోటు ఎలాంటిదో ముందు చూడాలి. ఫోనులో మొహం కనపడదు, చేతి సైగ ఉండదు. గొంతు కూడా పూర్తిగా రాదు. పాత టెలిఫోన్ లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉండే ధ్వనినే మోసేవి. ‘ఎస్’కీ ‘ఎఫ్’కీ తేడా తెలిపే సన్నని ఊపిరి శబ్దం చాలావరకు ఆ హద్దుకు పైనే ఉండిపోతుంది.

పలకరింపుగా గ్రాహంబెల్ కోరుకున్నది నావికుల కేక ‘అహోయ్’. 1877లో ఎడిసన్ ‘హలో’ చాలన్నాడు. లోకం ఎడిసన్ మాటే విన్నది.

ఆ తర్వాత పేరు చెప్పుకోవడం. ఎదురుగా ఉన్న మనిషికి ‘ఐ యామ్ లక్ష్మి’ అని చెబుతాం. ఫోనులో మాత్రం ‘దిస్ ఈజ్ లక్ష్మి’ అనాలి. వినపడుతున్న ఈ గొంతు ఫలానావారిది అని చూపించడం అది. ‘మే ఐ స్పీక్ టు లక్ష్మి?’ అని అడిగినప్పుడు ఫోను తీసింది ఆవిడే అయితే ‘స్పీకింగ్’ అంటే సరిపోతుంది. మన ‘నేనే, చెప్పండి’ దీనికి దీటైనది. ఇంకా మెరుగైనదనే అంటాను, ఎందుకంటే అవతలివాళ్ళను మాట్లాడమని పిలుస్తుంది కూడా.

అన్నిటికన్నా నేను మెచ్చుకునేది, అడిగిన మనిషి దొరకనప్పుడు చెప్పే వాక్యం: ‘ఐయామ్ అఫ్రైడ్ షీ ఈజ్ ఇన్ ఎ మీటింగ్ ఎట్ ది మూమెంట్. కెన్ ఐ టేక్ ఎ మెసేజ్?’ లేరన్న కబురు చెప్పకముందే ‘ఐయామ్ అఫ్రైడ్’ విన్నవాళ్ళను దానికి సిద్ధం చేస్తుంది. ఆ వెంటనే కారణం. కబురు పూర్తయ్యేలోపే ‘ఎట్ ది మూమెంట్’ వచ్చి, ఇది ఇప్పటి సంగతేనని, మళ్ళీ చెయ్యవచ్చని ఆశ పెడుతుంది. చివరి ప్రశ్నతో ఫోను తీసినవారు పని తమ మీద వేసుకుంటారు. కాదన్న మాట ఒక్కటీ లేకుండానే లేరన్న సంగతి తెలిసిపోయింది. ఇందులో ఏ ముక్క తీసేసినా మాట మొరటుగా తగులుతుంది. ‘షీ ఈజ్ ఇన్ ఎ మీటింగ్’ అని మాత్రమే అని చూడండి, తలుపు మొహం మీద వేసినట్టే ఉంటుంది.

‘పుటింగ్ యూ త్రూ’ అనేది స్విచ్ బోర్డుల కాలానిది. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 1878 జనవరిలో వ్యాపార టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. అదే ఏడు సెప్టెంబరులో ఎమ్మా నట్ బోస్టన్‌లో తొలి మహిళా ఆపరేటరుగా చేరింది. తీగ చివర ప్లగ్గును రంధ్రంలో గుచ్చి ఒక గొంతును ఇంకో గొంతుతో కలపడం ఆపరేటర్ల పని. ఆ తీగలు పోయాయి, మాట మాత్రం మన కాల్ సెంటర్లలో ఇంకా వినపడుతోంది.

నంబర్ల దగ్గర పనితనం మరో రకం. ‘థర్టీన్’, ‘థర్టీ’ కలిసిపోతాయి కాబట్టి ‘వన్ త్రీ’ అని విడదీస్తారు. ‘లెట్ మీ రీడ్ దట్ బ్యాక్ టు యూ’ అని రాసుకున్నది తిరిగి చదివి వినిపిస్తారు. అక్షరాలకు మనం ‘వి ఫర్ విజయవాడ’ అంటాం. విమానాలవాళ్ళు 1956 నుంచి వాడుతున్న ‘ఆల్ఫా, బ్రావో, చార్లీ’ వరస అయితే, వేర్వేరు దేశాలవాళ్ళ చేత పలికించి పరీక్షించాక ఖాయమైనది.

ఫోను పెట్టెయ్యడం తేలిక కాదు. షెగ్లాఫ్, శాక్స్ అనే పరిశోధకులు 1973లో దీని మీదే ఒక వ్యాసం రాశారు. ‘వెల్’, ‘ఓకే’ లాంటి చిన్న మాటలతో, ఇక చెప్పేదేమీ లేదని ఇద్దరూ ఒప్పుకున్నాకే సెలవు తీసుకుంటారని చూపించారు. ‘ఐ వోంట్ కీప్ యూ’ అనే ముగింపులో మర్యాద చూడండి: వెళ్ళాల్సింది నేనే అయినా, మీ సమయం తీసుకోనంటున్నాను. మన ‘ఉంటానండి మరి’ కూడా ఇలాంటి పనే చేస్తుంది, వెళ్తున్నానని చెప్పడానికి ‘ఉంటాను’ అంటూ.

ఫోన్ ఇంటర్వ్యూకి తయారవుతున్న పిల్లలకు ఒక్క మనవి. ‘మైసెల్ఫ్ లక్ష్మి’ మానేసి ‘దిస్ ఈజ్ లక్ష్మి’ అలవాటు చేసుకోండి. ఈ వాక్యాలను అద్దం ముందు కాకుండా, పక్కగదిలో స్నేహితుణ్ణి కూర్చోబెట్టి పలకండి. మొహం చూడకుండానే మీ మర్యాద అతనికి అందిందో లేదో అడిగి తెలుసుకోండి.