ముందుమాట: ఎముక చూసుకుని క్లిప్పు

కైకలూరు, మండవల్లి వైపు నుంచి ఆడపిల్లను వెంటబెట్టుకుని ఏలూరో తాడేపల్లిగూడెమో వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఒకటే: “ముహూర్తం నాటికి క్లిప్పులు తీసేస్తారా డాక్టరుగారూ?” ఖర్చెంతో కూడా అడుగుతారు. పంటి చుట్టూ ఎముక ఎంత ఉందని అడిగినవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు. ఆ అడగని ప్రశ్నకే నా శిష్యురాలు ఈ పుస్తకంలో జవాబు రాసింది.

క్లిప్పు పన్నును ఎముకలోంచే జరుపుతుంది. పన్ను ఒరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్తది పడుతుంది. చిక్కల్లా కింది ముందుపళ్ళతోనే. చాలామందికి వాటి పెదవివైపు ఎముక ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇరుకు సర్దడానికి ఆ పళ్ళను ముందుకు తోస్తే వేరు ఎముక దాటిపోవచ్చు. పైన చిగురు కూడా పలచనైతే అది దిగిపోయే ప్రమాదం ఉంది. గట్టు బలం చూసుకోకుండా చెరువుకు నీళ్ళు పెట్టని కొల్లేటి చేపల రైతుకు ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది.

క్లిప్పుతోపాటు ఎముకకు చేసే ఆపరేషన్ కథ పాతదే. పళ్ళ చుట్టూ ఎముక పైపొరను కోసి జరిపే పద్ధతిని 1959లో హైన్రిక్ కోలె ప్రచురించాడు. ఎముక దిమ్మెలుగా కదులుతోందని ఆయన లెక్క. 2001లో అమెరికాకు చెందిన విల్కో సోదరులు, కోత పడ్డచోట ఎముక కొంతకాలం ఖనిజం తగ్గి మెత్తబడి, మళ్ళీ గట్టిపడుతోందన్నారు. వాళ్ళు కోతలతోపాటు ఎముక పొడి కూడా నింపారు. జనం “తొందరగా అయిపోతుంది” అన్న మాటనే పట్టుకున్నారు. ఆ జోరు నిలిచేది కొన్ని నెలలే. నా శిష్యురాలు పట్టుకున్నది నింపిన ఎముకను. అక్కడే నాకు ముచ్చటేసింది.

పరీక్ష చేసే తీరు ఆమె చేయి పట్టుకుని నేర్పినట్టు రాసింది. కింది పెదవిని లాగి చూడాలి. పంటి వేర్లు చిగురు కింద నిలువుగా ఉబ్బి కనిపిస్తున్నాయా? చిగురు సందులో పెట్టిన ప్రోబు (కొలత కడ్డీ) పైకి మసగ్గా అగుపిస్తోందా? అయితే చిగురు పలచనే. అప్పుడు త్రీడీ స్కాన్ తీసి ఎముక చూడాలి. అవసరమైతే అంగిలి నుంచి కణజాలం తీసి చిగురుకు అతకాలి, ఎముక పొడి నింపాలి. అందరికీ ఇది అక్కర్లేదనీ, చిగుళ్ళ జబ్బు, షుగరు అదుపులోకి రాకుండా, గుట్కా మానకుండా కత్తి పట్టవద్దనీ నిక్కచ్చిగా చెప్పింది.

దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీలు వచ్చాక పళ్ళు సరిచేసే డాక్టరూ, చిగుళ్ళ డాక్టరూ ఈ ప్రాంతంవాళ్ళకు ఒకే గడపలో దొరుకుతున్నారు. క్లిప్పు వేయకముందే ఆ ఇద్దరూ కలిసి కూర్చోవాలన్నది ఈ పుస్తకం సారం. చిగురు దిగాక కూర్చుంటే సగం పని చేజారినట్టే.

ఖర్చు సంగతి ఇంకాస్త విప్పి చెప్పవలసింది. మలిముద్రణలో ఆ లోటు తీరుస్తుందని ఆశ. కొత్తగా బోర్డు కట్టబోయే కుర్ర డాక్టర్లు దీన్ని టేబుల్ మీదే ఉంచుకోవాలి. చిరంజీవికి నా ఆశీస్సులు.

ఏలూరు